అల్జీమర్స్ జబ్బు : జీవకణం గుమ్మం దగ్గర ఏం జరుగుతుంది?

వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది మా మామ్మ. నేను ఇక్కడ ఉండి చదువుకునే రోజుల్లో దసరాకీ సంక్రాంతికీ ఇంటికి వెళ్తే, ఆమె వీధి అరుగు మీద కూర్చుని నా కోసం ఎదురు చూస్తూ ఉండేది. ఒక సంక్రాంతికి సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వెళ్ళేసరికి, నా మొహంలోకి తేరిపార చూసి "ఎవరి తాలూకు బాబూ నువ్వు?" అని అడిగింది. ఇంట్లో అందరం నవ్వాం. వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాం.

మరుసటి ఏడాదికి నవ్వులాట పోయింది. అన్నం తిన్న అరగంటకే వీధిలోకి వెళ్ళి "నాకెవరూ కూడు పెట్టలేదు" అని చెప్పేది. ఊళ్ళో మా అమ్మకు చెడ్డపేరు వచ్చింది. ఎవరో చిల్లంగి పెట్టారని కొందరు, గాలి సోకిందని కొందరు అన్నారు. తాయెత్తులకు, మొక్కులకు అప్పు చేశాం. మామ్మను ఒంటరిగా వదలలేక అమ్మ చెరకు పనికి వెళ్ళడం మానేసింది. ఇది మెదడుకు వచ్చే జబ్బు అని మాకు చెప్పినవారు ఒక్కరూ లేరు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు దాని పేరు తెలిసింది. అప్పటికి మామ్మ లేదు.

అందుకే ఈ వ్యాసం. ఈ జబ్బులో మెదడు కణాల మీద ఉండే 'గ్రాహకాలు' అనే ప్రోటీన్ల పాత్ర ఏమిటో, ఆ పరిశోధన ఎంతవరకు వచ్చిందో, మన ఇళ్ళల్లో మనం ఏం చేయగలమో నాకు తెలిసినంతలో చెబుతాను.

జబ్బుకు ఆ పేరు ఎలా వచ్చింది?

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యశాలకు ఆగస్టా డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకువచ్చారు. భర్త పేరేమిటని అడిగితే తన పేరే చెప్పేది. అప్పుడే చూపించిన వస్తువును కాసేపటికే మరిచిపోయేది. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలాయిస్ అల్జీమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయాక, మెదడును పలుచని పొరలుగా కోసి, రంగులు అద్ది, సూక్ష్మదర్శినిలో చూశాడు. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో తాను చూసినది చెప్పాడు. 1910లో క్రేపెలిన్ అనే ఆచార్యుడు తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు 'అల్జీమర్స్' అని పేరు పెట్టాడు.

అల్జీమర్ చూసినవి రెండు. మొదటిది, కణాల బయట పేరుకున్న మచ్చలు. ఇవి 'అమైలాయిడ్ బీటా' అనే చిన్న ప్రోటీన్ ముక్క గుట్టలుగా అంటుకోవడం వల్ల ఏర్పడతాయని తరువాత తెలిసింది. రెండవది, నాడీకణాల లోపల చిక్కుపడిన దారాలు. ఇవి 'టావ్' అనే మరో ప్రోటీన్‌తో ఏర్పడతాయి. నేటికీ ఈ జబ్బుకు గుర్తులు ఈ రెండే.

మతిమరుపుకు కారణమయ్యే మెదడు జబ్బులన్నిటినీ కలిపి 'డిమెన్షియా' అంటారు. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 2023లో ప్రచురించిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇది పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ అని కూడా ఆ అధ్యయనం తేల్చింది. కాబట్టి ఇది డబ్బున్నవారి జబ్బు, పట్నం జబ్బు అనుకోవడానికి లేదు.

గ్రాహకం అంటే ఏమిటి?

జీవకణాన్ని ఒక ఇల్లు అనుకుందాం. దాని గోడ కణత్వచం. కొవ్వుతో తయారైన ఆ గోడలోంచి ఏది పడితే అది లోపలికి పోలేదు. అందుకే గోడలో అక్కడక్కడా ప్రత్యేకమైన ప్రోటీన్లు అమరి ఉంటాయి. వాటి ఒక కొస బయటకు, మరొక కొస లోపలికి ఉంటుంది. బయటి నుంచి వచ్చిన రసాయనం సరిగ్గా వాటికి అమరినప్పుడు, తాళంలో తాళంచెవి తిరిగినట్టు ప్రోటీన్ ఆకారం కొద్దిగా మారి, లోపల ఒక పని మొదలవుతుంది. ఈ తాళాలనే గ్రాహకాలు అంటారు. కొన్ని తాళాలు తలుపు తెరుస్తాయి. కొన్ని బయటి వస్తువును పట్టుకుని ఇంట్లోకి తెస్తాయి. మరికొన్ని లోపలివారికి కబురు మాత్రమే చేరవేస్తాయి.

ఇలాంటివి ఉండి తీరాలని 1905లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త కండరాల మీద నికోటిన్ ప్రయోగాలు చేసి ఊహించాడు. అంటే గ్రాహకం ఊహ, అల్జీమర్ ఉపన్యాసం ఏడాది తేడాతో వచ్చాయన్నమాట. ఈ రెండు దారులూ కలవడానికి మాత్రం దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక నాడీకణం మరొకదానికి అతుక్కుని ఉండదు. మధ్యలో సన్నని సందు ఉంటుంది. కబురు చెప్పదలచిన కణం ఆ సందులోకి ఒక రసాయనాన్ని వదులుతుంది. అవతలి కణం గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. మనం పాఠం నేర్చుకున్నా, అమ్మ మొహం గుర్తుపట్టినా జరిగేది ఇదే. అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినేవి ఈ సందుల దగ్గరి కలయికలే.

మొదటి తాళం : అసిటైల్ కోలిన్ గ్రాహకాలు

జ్ఞాపకానికి అవసరమైన రసాయనాల్లో అసిటైల్ కోలిన్ ఒకటి. దాని గ్రాహకాలు మూతపడితే ఏమవుతుందో మన పల్లెటూరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఉమ్మెత్త కాయ తిన్నవాడిని చూసినవారికి తెలుసు. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఎదుట ఉన్న మనిషిని గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడతాడు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపోలమిన్ అనే పదార్థాలు అసిటైల్ కోలిన్ గ్రాహకాల్లో దూరి కూర్చుంటాయి. తప్పుడు తాళంచెవి తాళంలో ఇరుక్కుపోయినట్టు, అసలు తాళంచెవికి చోటు ఉండదు.

1970ల రెండో సగంలో బ్రిటన్ శాస్త్రవేత్తలు అల్జీమర్స్ రోగుల మెదళ్ళను పరీక్షించి, అసిటైల్ కోలిన్ తయారుచేసే కణాలు బాగా దెబ్బతిన్నాయని కనుగొన్నారు. ఇక్కడ తాళాలకు తాళంచెవులే తక్కువయ్యాయి. ఉన్న కొద్దిపాటి అసిటైల్ కోలిన్‌నైనా ఎక్కువసేపు నిలపగలిగితే మేలు కదా అన్నది తరువాతి ఆలోచన. సందులోకి వచ్చిన అసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంది. దాన్ని కొంత ఆపే మందు డోనెపెజిల్. 1996లో అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పటికీ మన వైద్యులు రాసే మందు ఇదే.

ఇక్కడ రైతుబిడ్డలు గమనించవలసిన సంగతి ఒకటుంది. పొలాల్లో పిచికారీ చేసే ఆర్గానో ఫాస్ఫేట్ రకం పురుగుమందులు కూడా ఇదే ఎంజైమును ఆపుతాయి. కాకపోతే చాలా గట్టిగా, ఒళ్ళంతా ఒకేసారి ఆపుతాయి. అందుకే గుడ్డ కట్టుకోకుండా మందు కొట్టినవారికి నోట్లో నీరు ఊరడం, వాంతులు, కంటిపాప చిన్నదవడం, ఊపిరి అందకపోవడం జరుగుతాయి. ఒకే తాళం దగ్గర కొలతతో చేసిన పని మందు, కొలత లేని పని విషం. ఆ విషానికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఉమ్మెత్తలో ఉండే అట్రోపినే. ఒక తాళం సంగతి తెలిస్తే మూడు విషయాలు ఒకేసారి అర్థమవుతాయి.

మరొక జాగ్రత్త. జలుబుకు, దురదకు వాడే క్లోర్‌ఫెనిరమైన్ వంటి పాత రకం మాత్రలు కూడా కొంతమేరకు ఈ గ్రాహకాలను మూస్తాయి. కుర్రవాళ్ళకు నిద్ర మాత్రమే వస్తుంది. ముసలివాళ్ళకు మతి తప్పినట్టు కావచ్చు. ఇంట్లో పెద్దవారికి ఉన్నట్టుండి తికమక మొదలైతే, వాళ్ళు వేసుకుంటున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వైద్యునికి చూపించాలి.

రెండవ తాళం : గ్లుటమేట్ గ్రాహకాలు

కొత్త విషయం నేర్చుకునేటప్పుడు ముఖ్యంగా పనిచేసేవి ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాలు. వీటి తాళంచెవి గ్లుటమేట్. ఈ గ్రాహకానికి మధ్యలో ఒక రంధ్రం, దానికి మెగ్నీషియం అనే బిరడా ఉంటాయి. కబురు బలంగా వచ్చినప్పుడే బిరడా ఊడి, కాల్షియం లోపలికి వెళ్తుంది. ఆ కాల్షియమే 'ఈ కబురు గుర్తుంచుకో' అనే ఆజ్ఞ. మనం పద్యాన్ని పదిసార్లు వల్లె వేస్తే నోటికి రావడం వెనుక ఉన్న కథ ఇదే.

అల్జీమర్స్‌లో ఈ తలుపు వేళాపాళా లేకుండా కొద్దికొద్దిగా తెరుచుకుని ఉంటుంది. కాల్షియం అదే పనిగా కారుతుంటే నాడీకణం అలసి దెబ్బతింటుంది. అసలు కబురు వచ్చినా ఆ గోలలో వినపడదు. మెమాంటిన్ అనే మందు ఆ రంధ్రంలో వదులుగా కూర్చుంటుంది. కారే తలుపును మూస్తుంది, బలమైన కబురు వస్తే తప్పుకుంటుంది. అమెరికాలో దీనికి 2003లో అనుమతి వచ్చింది. జబ్బు కొంత ముదిరినవారికి ఇస్తారు.

డోనెపెజిల్, మెమాంటిన్ రెండూ కొంత ఊరట మాత్రమే ఇస్తాయి. కణాలు చనిపోవడాన్ని ఆపలేవు. అందుకే శాస్త్రవేత్తలు, అసలు అమైలాయిడ్ ఎందుకు పేరుకుంటోంది అనే ప్రశ్న దగ్గరకు వెళ్ళారు.

తెట్టు తీసే తాళాలు

అమైలాయిడ్ బీటా బయటినుంచి వచ్చినది కాదు. మన మెదడులో అందరికీ ప్రతిరోజూ తయారవుతుంది. నాడీకణం గోడలో అమరి ఉండే ఒక పెద్ద ప్రోటీన్‌ను ఎంజైములు ముక్కలు చేస్తే రాలే తునక అది. 1987లో ఆ పెద్ద ప్రోటీన్ నిర్మాణం తెలిసినప్పుడు, అది చూడటానికి కణం మీది గ్రాహకంలాగే ఉందని శాస్త్రవేత్తలు రాశారు. దాని జన్యువు 21వ క్రోమోసోమ్ మీద ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఆ క్రోమోసోమ్ మూడు ప్రతులు ఉండటం వల్ల వారిలో ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తుంది.

తయారవడం తప్పు కాదు, తీసివేయకపోవడమే చిక్కు. మన అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పెనంలో చెరకు రసం కాగుతుంటే తెట్టు పైకి తేలుతూనే ఉంటుంది. ఎప్పటికప్పుడు తీసేస్తే బెల్లం బాగుంటుంది. తీసేవాడు కునుకు తీస్తే పెనమంతా పాడవుతుంది. పెద్ద వయసులో వచ్చే అల్జీమర్స్ చాలావరకు ఇలాంటిదేనని ఇప్పటి అవగాహన.

తెట్టు తీసే పనిలో గ్రాహకాల పాత్ర చాలా ఉంది. 1970లలో అమెరికాలోని డల్లాస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు రక్తంలోని కొలెస్టరాల్‌ను కణంలోకి లాక్కునే ఎల్.డి.ఎల్. గ్రాహకాన్ని కనుగొన్నారు. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అది గుండెజబ్బుల సంగతి అని అందరూ అనుకున్నారు. కానీ అదే కుటుంబానికి చెందిన ఎల్.ఆర్.పి-1 అనే గ్రాహకం మెదడు రక్తనాళాల గోడల్లో ఉండి, అమైలాయిడ్‌ను పట్టుకుని మెదడు నుంచి రక్తంలోకి పంపుతుందని తరువాత తెలిసింది. 'రేజ్' అనే మరొక గ్రాహకం దీనికి విరుద్ధంగా అమైలాయిడ్‌ను రక్తం నుంచి మెదడులోకి తెస్తుంది. వయసు పెరిగేకొద్దీ బయటకు పంపే తలుపు బలహీనపడుతుంది, లోపలికి తెచ్చే తలుపు బలపడుతుంది.

ఈ గ్రాహకాలకు అమరే తాళంచెవుల్లో ముఖ్యమైనది ఎపో-ఇ అనే ప్రోటీన్. ఇది కొవ్వును మోసే బండి వంటిది. దీనిలో మూడు రకాలు ఉన్నాయి: ఇ2, ఇ3, ఇ4. మొత్తం 299 అమైనో ఆమ్లాల్లో, 112వ స్థానంలో సిస్టీన్‌కు బదులు ఆర్జినిన్ ఉంటే ఇ3 కాస్తా ఇ4 అవుతుంది. ఒక్క అక్షరం మారితే మాట అర్థం మారినట్టు, ఆ ఒక్క మార్పుతో బండి ఆకారం, అది తాళంలో అమరే తీరు, అమైలాయిడ్‌ను తొలగించే వేగం మారిపోతాయి. ఇ4 ఉన్నవారికి అల్జీమర్స్ ఎక్కువగా వస్తుందని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు కనుగొన్నారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక ఇ4 వస్తే ముప్పు సుమారు మూడింతలు, ఇద్దరి నుంచీ వస్తే అంతకు ఎన్నో రెట్లు అని పాశ్చాత్య దేశాల లెక్కలు.

మన దేశం సంగతి ఏమిటి? హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో భారత్-అమెరికా శాస్త్రవేత్తలు కలిసి అధ్యయనం చేశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాతో పోలిస్తే అక్కడ ఇ4 ఉన్నవారూ తక్కువ, అల్జీమర్స్ కూడా తక్కువ అని తేలింది. అయితే ఇ4 ఉన్నవారికి ముప్పు రెండు చోట్లా ఒకేలా ఉంది. ఇ4 ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. అది లేకపోయినా జబ్బు వచ్చినవారు చాలామంది ఉన్నారు.

కాపలా కణాల తాళం : ట్రెమ్-2

మెదడులో నాడీకణాలతో పాటు మైక్రోగ్లియా అనే కణాలు ఉంటాయి. ఇవి కాపలాదారులు, ఇల్లు శుభ్రం చేసేవారు కూడా ఇవే. చనిపోయిన కణాలను, పేరుకున్న అమైలాయిడ్‌ను ఇవి చుట్టుముట్టి తినేస్తాయి. ఎక్కడ మలినం ఉందో వాటికి ఎలా తెలుస్తుంది? వాటి గోడ మీద ఉండే ట్రెమ్-2 అనే గ్రాహకం ద్వారా. కొవ్వు పదార్థాలు, ఎపో-ఇ, అమైలాయిడ్ తగిలితే ఈ గ్రాహకం లోపలికి 'పని మొదలుపెట్టు' అని కబురు పంపుతుంది.

2013లో రెండు శాస్త్రవేత్తల బృందాలు ఒకేసారి ఒక విషయం ప్రకటించాయి. వాటిలో ఒకటి ఐస్‌లాండ్ ప్రజల జన్యువుల మీద చేసిన పరిశోధన. ట్రెమ్-2లో 47వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు మూడింతలు అని తేలింది. ఇది అరుదైన మార్పే. కానీ దానివల్ల ఒక పెద్ద విషయం బయటపడింది. అల్జీమర్స్ కేవలం నాడీకణాల జబ్బు కాదు, వాటిని కాపాడవలసిన కణాల జబ్బు కూడా.

తప్పుడు తాళంచెవి

అమైలాయిడ్ పెద్ద గుట్టగా ఉన్నప్పటికంటే, నాలుగైదు తునకలు కలిసి తేలుతూ ఉన్నప్పుడే ఎక్కువ హాని చేస్తుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ చిన్న గుంపులు నాడీకణం మీద ఏ తాళానికి అంటుకుంటాయి? 2009లో యేల్ విశ్వవిద్యాలయం వారు 'ప్రయాన్' ప్రోటీన్ అటువంటి తాళం అని చెప్పారు. 2013లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్లా షాట్జ్ బృందం 'లిల్ర్-బి2' అనే మరొక గ్రాహకాన్ని చూపించింది. ఎలుకల్లో దానికి సరిసమానమైన గ్రాహకాన్ని తీసివేస్తే, అమైలాయిడ్ ఉన్నా వాటి జ్ఞాపకం చెడలేదు. అయితే ఎలుకలో నిజమైనది మనిషిలో నిజం కావాలని లేదు. ఈ తాళాల్లో ఏది ముఖ్యమైనదో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

మెదడు కణాల మీద ఇన్సులిన్ గ్రాహకాలు కూడా ఉన్నాయి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించడానికి, ఇన్సులిన్ ఉన్నా ఆ తాళాలు సరిగా తిరగకపోవడం ఒక కారణం కావచ్చునని భావిస్తున్నారు.

మందుల కథ : గెలుపు కొంచెం, ఓటమి ఎక్కువ

ఫలానా తాళం చెడింది అని తెలిసినంత తేలికగా దానికి మందు రాలేదు. లోపలికి తెచ్చే 'రేజ్' తలుపును మూసే మందు 2018లో చివరి దశ పరీక్షల్లో విఫలమైంది. ముక్కు ద్వారా ఇన్సులిన్ ఇచ్చి చేసిన పరీక్షలో లాభం లేదని 2020లో ఫలితాలు వచ్చాయి. ట్రెమ్-2ను మేల్కొలిపే ఒక మందు కూడా 2024 నవంబరులో విఫలమైనట్లు ప్రకటించారు.

కొద్దిగా గెలిచినవి అమైలాయిడ్‌ను నేరుగా పట్టుకునే ప్రతిరక్షకాలు. లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందులోనూ గ్రాహకానికి పని ఉంది. ప్రతిరక్షకం ఒక కొసతో అమైలాయిడ్‌ను పట్టుకుంటే, దాని రెండవ కొసను మైక్రోగ్లియా మీది మరొక గ్రాహకం అందుకుని తినడం మొదలుపెడుతుంది. లెకానెమాబ్ వాడినవారిలో 18 నెలల్లో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. జబ్బు ఆగలేదు, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చాయి. రెండు ఇ4లు ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. జబ్బు తొలిదశలో ఉన్నవారికే ఇవి పనికివస్తాయి. చాలా ఖరీదైనవి కూడా. కాబట్టి 'కొత్త మందు వచ్చేసింది, జబ్బు నయమైపోతుంది' అని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే నమ్మవద్దు.

మన హైదరాబాదు చెప్పిన మాట

ఈ విషయంలో ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక పరిశోధన మన తెలుగు గడ్డ మీదే జరిగింది. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి సహచరులు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రచురించారు.

విదేశాల్లో ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు, రెండు భాషలు వచ్చినవారు బాగా చదువుకున్నవారో, వలస వచ్చినవారో అయి ఉంటారనే అనుమానం ఉండేది. హైదరాబాదులో కూలిపని చేసుకునేవారు కూడా తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడతారు. బడి మొహం చూడనివారిలో కూడా రెండు భాషల మేలు కనిపించింది. రెండు దాటి మూడు, నాలుగు వచ్చినా అదనపు మేలు మాత్రం కనిపించలేదు.

భాష వల్ల అమైలాయిడ్ కరిగిపోతుందని కాదు. ఒక మాట అణచి మరో మాట ఎంచుకునే సాధన వల్ల మెదడులో దారులు ఎక్కువై, కొన్ని తాళాలు చెడినా పక్కదారిలో కబురు చేరుతుందని వివరణ. ఒకచోట రోడ్డు తెగినా మరో ఊరి మీదుగా బస్సు తిరిగి వెళ్ళినట్టు. ఇంగ్లీషు రాదని కుంగిపోయే తమ్ముళ్ళకు ఒక మాట: తప్పులతోనైనా మాట్లాడండి. మార్కులతో పాటు మెదడుకూ మంచిదే.

మనం చేయగలిగినవి

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం, డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చు అని తెలిపింది. చిన్ననాటి చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు మందగించినా కళ్ళద్దాలు, ఆపరేషన్ లేకపోవడం, రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగతాగడం, మితిమీరిన మద్యం, తలకు దెబ్బలు, దిగులు, ఒంటరితనం, ఒళ్ళు కదలకపోవడం, ఊబకాయం, గాలి కాలుష్యం, చెడు కొలెస్టరాల్ - ఇవీ ఆ కారణాలు. వీటిలో చదువు మొదట ఉండటం గమనించండి. మన తాతమ్మలకు బడి దక్కలేదు. పల్లెల్లో, ఆడవారిలో ఈ జబ్బు ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణమే. హాస్టల్లో పెట్టే అన్నం, బడిలో చెప్పే పాఠం ఉద్యోగానికే కాక, ముసలితనంలో మతికి కూడా పెట్టుబడి అని నా ఉద్దేశం.

ఇంట్లో పెద్దవారికి మతిమరుపు కనిపిస్తే ఈ సంగతులు గుర్తుంచుకోండి:

1. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరవడం వయసు. కళ్ళజోడు దేనికో మరవడం జబ్బు. తెలిసిన దారి తప్పడం, తిన్నది మరవడం, అయినవారిని గుర్తుపట్టకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. విశాఖ కె.జి.హెచ్. మనకు దగ్గరే.

2. ప్రతి మతిమరుపూ అల్జీమర్స్ కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్, దిగులు, తలలో రక్తం గడ్డకట్టడం, కొన్ని మాత్రలు కూడా మతి పోగొడతాయి. ఇవి చికిత్సతో బాగుపడవచ్చు. తాయెత్తు కట్టి కూర్చుంటే ఆ అవకాశం పోతుంది.

3. చిల్లంగి అనే మాట ఇంట్లోకి రానివ్వకండి. అది జబ్బు మనిషిని వదిలి పొరుగువారి మీద పగ పెంచుతుంది.

4. 'ఇప్పుడే కదా తిన్నావు' అని వాదించవద్దు. ఆ కబురు దాచుకునే తాళాలే పనిచేయడం లేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నాలుగు మెతుకులు పెట్టి, మాట మార్చండి.

5. సంరక్షణ భారం మొత్తం ఒక్క ఆడమనిషి మీద వేయకండి. సెలవులకు వెళ్ళినప్పుడు రోజుకు రెండు గంటలైనా మీరు కూర్చుంటే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

నాలుగవ సంగతి మాకు అప్పుడు తెలిసి ఉంటే, తిన్నావా లేదా అని మామ్మతో అన్ని పూటలు పోట్లాడేవాళ్ళం కాదు. మా అమ్మ వీధిలో తల దించుకుని నడిచేది కాదు. మందు లేకపోయినా, ఆ ఒక్క సంగతి తెలిస్తే మా ఇంట్లో చాలా బాధ తగ్గేది.

ఇక పరిశోధన సంగతి. మెదడు నిండా అమైలాయిడ్ ఉన్నా చివరి రోజు వరకు మతి చెడనివారు ఉన్నారు. వారి తాళాలు ఎందుకు చెడలేదో ఎవరూ పూర్తిగా చెప్పలేకపోతున్నారు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో కణత్వచం పాఠం వచ్చినప్పుడు 'ఇది పరీక్షకు వస్తుందా?' అని మాత్రమే అడగకండి. ఈ ప్రశ్నకు జవాబు ఆ పాఠంతోనే మొదలవుతుంది. మన హాస్టల్ నుంచి ఎవరైనా ఆ దారిలో వెళ్తే, వచ్చే సంచికల్లో ఆ వ్యాసం నేను చదువుతాను.